గుంజుకపోవుడుకు వేరే పేరెందుకు?

నల్గొండ దిక్కు దొంగతనం గురించి చెప్పేటప్పుడు రెండు మాటలు వాడతారు. రాత్రి వాకిట్లో పెట్టిన బండి పొద్దున లేకపోతే ‘ఎత్కపోయిండ్రు’ అంటారు. మనిషిని రోడ్డు మీద ఆపి తాళాలు లాక్కుని పోతే ‘గుంజుకపోయిండ్రు’ అంటారు. బండి అదే, ధర అదే, కట్టాల్సిన కిస్తీలూ అవే. అయినా ఈ రెండు మాటల్ని ఎవరూ తారుమారు చేయరు. ఈ తేడాని చట్టం కూడా గుర్తించాలా? గుర్తిస్తే, ఎక్కువ ఏళ్ల శిక్షగానే చూపించాలా?

అమెరికాలో ఈ ప్రశ్నకి జవాబు ఒక చావు తర్వాత తొందర తొందరగా వచ్చింది. 1992 సెప్టెంబరు 8న మేరీల్యాండ్ రాష్ట్రంలోని సావేజ్ అనే చోట, భారతదేశంలో పుట్టిన ఒక రసాయన శాస్త్రవేత్త, రెండేళ్లు నిండని తన పాపని బడిలో దింపడానికి కారులో బయల్దేరింది. ఇద్దరు ఆమెను బయటికి లాగేసి కారు తీసుకుపోయారు. పాప లోపలే ఉంది. సీటుబెల్టులో చిక్కుకున్న తల్లిని కారు మైలుకు పైగా ఈడ్చుకుపోయింది. పాప బతికింది, తల్లి బతకలేదు. రెండు నెలలు తిరక్కముందే అక్కడి ఫెడరల్ ప్రభుత్వం తుపాకీతో చేసే కార్‌జాకింగ్‌ను ప్రత్యేక నేరం చేసింది. మరుసటేడు మేరీల్యాండ్ తన చట్టం తాను చేసుకుంది.

కానీ ఆ ఇద్దరికీ జీవితఖైదు పడింది పాత చట్టాల కిందే. హత్య, దోపిడీ అనే పాత పేర్లే సరిపోయాయి. మరి కొత్త పేరెందుకు? భయపడ్డ జనానికి ఏదో ఒకటి చేశామని చూపించుకోవడానికి అనొచ్చు. అందులో నిజం లేకపోలేదు. అయితే మేరీల్యాండ్ చట్టంలో ఇంకో మాట కూడా ఉంది. ‘కారుని ఎప్పటికీ ఉంచేసుకోవాలని నేను అనుకోలేదు’ అని నిందితుడు చెప్పినా అది తప్పించుకునే దారి కాదు. కారు తర్వాత ఏమైందన్నది ఆ చట్టానికి రెండో సంగతి. మనిషి చేతిలోంచి ఎట్లా పోయిందన్నది మొదటిది.

మనకి కార్‌జాకింగ్ అనే సెక్షన్ లేదు. దానికి దగ్గరి చుట్టం, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 304వ సెక్షన్. హఠాత్తుగా, వేగంగా లేదా బలవంతంగా ఒకరి దగ్గర్నించి సొత్తు లాక్కోవడాన్ని అది వేరే నేరంగా నిలబెట్టింది. అంతకుముందే హర్యానా, గుజరాత్ ఇలాంటి నేరానికి సొంత సవరణలు చేసుకుని కఠినమైన శిక్షలు రాసుకున్నాయి. సంహితలో మాత్రం గరిష్ఠం మూడేళ్లే. మామూలు దొంగతనానికి, మొదటిసారైతే, అదే మూడేళ్లు. శిక్ష పెరగనప్పుడు పేరు పెట్టి ఏం లాభం అనిపిస్తుంది.

లాభం ఉంది. మిర్యాలగూడలో కూరగాయలమ్ముకునే ఒక అవ్వ మెడలో మూడు వందల రూపాయల రోల్డ్‌గోల్డ్ గొలుసు ఉందనుకుందాం. బైకు మీద వచ్చినవాడు అది తెంపుకుపోయాడు. దెబ్బ తగల్లేదు, బెదిరించనూ లేదు, కాబట్టి దోపిడీ అనలేం. ఉత్త దొంగతనం అంటే, ఐదు వేల కంటే తక్కువ సొత్తు కేసుల్లో మేజిస్ట్రేట్ చెప్పనిదే పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. అదే 304 కింద అయితే గొలుసు ధరతో పని లేదు, పోలీసులు నేరుగా కేసు కట్టాల్సిందే. చట్టం ఇక్కడ గొలుసుని తూకం వెయ్యడం మానేసి, మెడ మీద పడ్డ చెయ్యిని చూసింది. పేరుతో వచ్చిన లాభం ఇదే.

ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి మీదికి వద్దాం. హైదరాబాద్‌లో కిరాయికి మాట్లాడుకున్న కారుని నార్కట్‌పల్లి దాటాక ఆపించి, డ్రైవర్ని కొట్టి దించేసి తీసుకుపోతే అది దోపిడీ, పదేళ్ల దాకా శిక్ష. పొద్దుగూకిన తర్వాత, తెల్లారకముందు హైవే మీద జరిగితే పద్నాలుగేళ్ల దాకా. ఈ ఏర్పాటు 1860 నాటి శిక్షాస్మృతి నుంచి వస్తున్నదే. చీకట్లో, దారి మధ్య ఒంటరిగా ఉన్నవాడికి ఎక్కువ రక్షణ కావాలని అది అనుకుంది. మంచి ఆలోచనే. కానీ ఇప్పుడు పంతంగి టోల్‌గేట్ దగ్గర అర్ధరాత్రి కూడా పట్టపగల్లా ఉంటుంది, మిట్టమధ్యాహ్నం ఒక సందులో ఎవరూ ఉండరు. ఇంట్లో జరిగే దొంగతనాన్ని ఎక్కువ నేరంగా చూసే చట్టం, మనుషులు నివసించే గుడారాన్నీ పడవనూ కూడా ఇంటితో సమానం చేసింది. లారీ డ్రైవర్ పడుకునే క్యాబిన్, వెనక సీట్లో పాప నిద్రపోతున్న కారు దానికింకా ఇల్లుగా కనబడలేదు. నన్నడిగితే, అదనపు బరువు సూర్యుడి మీద కాకుండా బండిలో ఉన్న మనిషి మీద పెట్టాలి.

పేరు పెట్టడంలో ప్రమాదం కూడా ఉంది. పేరు పనిని వదిలి మనిషికి అంటుకుంటుంది. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం ఎరుకల వంటి కులాలకి కులాలనే పుట్టుకతో దొంగలని రాసిపెట్టింది. ఇప్పుడు మన రాష్ట్రంలో 1986 నాటి పీడీ యాక్ట్ కింద ‘గూండా’ అని రాస్తే, విచారణ లేకుండా ఏడాది దాకా లోపల పెట్టొచ్చు. దొంగతనం కేసులున్న ఒకరి మీద 2023 సెప్టెంబరులో రాచకొండ పోలీస్ కమిషనర్ ఇచ్చిన అలాంటి ఉత్తర్వుని సుప్రీంకోర్టు 2024 మార్చిలో కొట్టేసింది. శాంతిభద్రతల సమస్య వేరు, సమాజం మొత్తాన్ని కుదిపేసేది వేరు అని గుర్తుచేసింది. చేసిన పనిని సరిగ్గా పేరు పెట్టి పిలిచే చట్టం ఉంటే, చేసినవాడికి ముద్ర వేసే చట్టం అవసరం తగ్గుతుంది.

అందుకే కొత్త సెక్షన్ అడిగేవాళ్లని ‘ఎన్నేళ్లు?’ అని అడిగే ముందు ‘ఏం పోయిందంటారు?’ అని అడగాలి. కారు పోయిందంటే పాత చట్టం చాలు. తన బండిలో తాను భద్రంగా ఉన్నానన్న ధీమా పోయిందంటే, అది రాసుకోవడానికి ఒక మాట కావాలి. ఆ మాట పుస్తకంలో ఉంటే సరిపోదు. డ్రైవర్ స్టేషన్‌కి పోయి ‘గుంజుకపోయిండ్రు సార్’ అంటే, ఎఫ్ఐఆర్‌లో ‘ఎత్కపోయిండ్రు’ అని రాయకుండా ఉండాలి.