దీర్ఘవ్యాధిలో స్నేహధర్మము

జ్వరము వచ్చినవానిని చూచుటకు ఊరంతయు వచ్చును. పది దినములలో అతడు లేచును. వచ్చినవారు తమ ధర్మము నెరవేర్చితిమని తృప్తిపడుదురు. అయితే ఏండ్ల తరబడి మనుష్యునితో కాపురము చేయు వ్యాధులును కలవు. అట్టి వ్యాధిలో స్నేహము ఎట్లు నిలుచును? దానిని నిలుపవలసిన భారము ఎవరిది?

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానమును తలంచుకొనుడి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మున్నగు మండలములలో, కొబ్బరితోటల నడుమ, అనేక కుటుంబములు మూత్రపిండముల వ్యాధితో బ్రదుకుచున్నవి. వీరికొరకు 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడినవి. వ్యాధి ముదిరినవారు వారమునకు రెండు మూడు మారులు డయాలసిస్‌కు పోయి, మారుకు సుమారు నాలుగు గంటలు యంత్రము చెంత పరుండవలెను. ఆ దినమున మాటాడుటకైనను సత్తువ యుండదు. త్రాగు నీటికి కొలత, ఉప్పునకు కొలత. కొబ్బరినీళ్లలో పొటాషియం అను లవణము మెండు. చెడిన మూత్రపిండములు దానిని బయటికి పంపలేవు గనుక అది రక్తములో పేరుకొని గుండెకు ముప్పు తెచ్చును. కావున కొబ్బరి సీమలో పుట్టినవాడు, స్నేహితుడు ప్రేమతో దింపించి తెచ్చిన బొండమును వద్దనవలసి వచ్చుచున్నది.

స్నేహమునకు పరీక్ష ఇచ్చటనే. తెచ్చినవాడు చిన్నబుచ్చుకొనును. వద్దన్నవాడు సిగ్గుపడి పెండ్లిండ్లకు, విందులకు పోవుట మానుకొనును. ఇరువురిలో ఎవరికిని ద్వేషము లేదు. అయినను నడువక గడ్డి మొలచిన త్రోవవలె స్నేహము మరుగుపడును.

మరియొక మాట. వైద్యులు ఏండ్ల తరబడి నీటిని, ఎండను, పురుగుమందులను పరిశీలించినను, ఉద్దానపు వ్యాధికి ఇదియే కారణమని నిశ్చయముగా తేలలేదు. అయినను చూడవచ్చినవారు, “ఏమి తింటివి? ఏమి చేసితివి?” అని అడుగక మానరు. యోబు స్నేహితులు చేసినది ఇదియే. ఏడు దినములు అతనితో నేలమీద మౌనముగా కూర్చున్నంతకాలము వారు మంచి స్నేహితులు. నోరు తెరచి అతని దోషమును వెదకిన గడియనుండి వారి రాకయే అతనికి మరియొక పుండాయెను.

కాబట్టి చూడబోవువారు కారణము అడుగక, ఏ దినమున రావలెనో అడుగుడి. మొదటి నెలలో పోవుటకంటె మూడవ యేట పోవుట గొప్ప.

వ్యాధితోనున్న ప్రియులారా, మీకును ఒక ధర్మము కలదు. “పుచ్చుకొనుటయే గాని నేను ఇయ్యగలిగినదేమున్నది?” అని తలుపు మూసికొనకుడి. బొండమును వద్దనుడి గాని మనిషిని వద్దనకుడి. ఎందుకు వద్దో విడమరచి చెప్పుడి, చెప్పకున్న అతడెట్లెరుగును? “నేడు అలసితిని, ఎల్లుండి రమ్ము” అనుటలో అవమానము లేదు. అతని పంట ఎట్లున్నదో, కుమార్తె సంబంధము కుదిరినదో లేదో అడుగుడి. తన కష్టము చెప్పుకొనుటకు చెవి దొరకినవాడు వట్టి చేతులతో ఇంటికి పోడు. కొందరు ఎంత పిలిచినను రారు. వారినిబట్టి తక్కినవారిని తూచకుడి.

భారము ఇరువురిది, అయితే అన్ని దినములు సమానముగా నుండదు. కావడిలో ఒక ప్రక్క బరువు తగ్గినప్పుడు మోయువాడు భుజము జరుపుకొనును గాని కావడిని పారవేయడు. మీ గ్రామములో మూడేండ్లుగా వ్యాధితోనున్నవారెవరో మీరెరుగుదురు. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత వారి గడప త్రొక్కుడి.