ఏం గాదు

మెదక్ అంటే అందరికీ చర్చి గుర్తొస్తుంది, మా శివ్వంపేట ఎవరికీ గుర్తురాదు. కడుపునొప్పి ఎంతకీ తగ్గట్లేదని నాయినను నర్సాపూర్ అడవి దాటించి హైదరాబాద్ తీసుకొచ్చాను. డాక్టర్ కాంట్రాస్ట్ సీటీ రాశారు. కౌంటర్లో రెండు పేజీల ఫారం ఇచ్చారు, మొత్తం ఇంగ్లీషే. నాయిన తెలుగు పేపర్‌ని టెండర్ ప్రకటనలతో సహా చదివే మనిషి. ఫారం వైపు చూసి "ఏం రాసిన్రు బిడ్డా?" అన్నాడు.

"ఏం లేదు నాయినా, మామూలే. ఏం గాదు" అని నేనే సంతకం పెట్టేశాను.

చదవక కాదు. ముందురోజు రాత్రే కూర్చుని అంతా చదివాను. అయోడిన్ పరమాణువు బరువైనది, ఎక్స్‌రేలను బాగా ఆపుతుంది. అందుకే నరంలోకి ఎక్కిస్తే రక్తనాళాలు ఫిల్ము మీద తెల్లగా తేలతాయి. 1990లో కటయామా బృందం జపాన్‌లో 3,37,647 ఇంజెక్షన్ల లెక్క తీసింది. పాత అయానిక్ మందులతో తీవ్రమైన రియాక్షన్లు 0.22 శాతం, కొత్త నాన్-అయానిక్ మందులతో 0.04 శాతం. అంటే పదివేలకి నలుగురు. (మా సర్వర్లు 99.96 శాతం పనిచేస్తే క్లయింట్ ఊరుకోడు, అది వేరే సంగతి.) నాయిన క్రియాటినిన్ బాగానే ఉంది, అలర్జీలు లేవు. పదివేలకి నలుగురి కోసం పెద్దాయన్ని భయపెట్టడం దేనికి అనుకున్నాను. ఇప్పటికీ ఆ లెక్క తప్పని అనను.

స్కాన్ గదిలోంచి బయటికొచ్చిన నాయిన మొహంలో రక్తం లేదు.

"సూది మందు ఎక్కంగనే గొంతు కాడి నుంచి కిందిదాకా నిప్పు పెట్టినట్టయింది. బట్టలల్లనే ఒంటికి పోయిన అనుకున్న. ఇగ పానం పోతుందనుకున్న. పక్కకు ఎవలు లేరు."

పక్కన ఎవరూ ఉండరు, రేడియేషన్ వల్ల అందరూ అద్దం అవతలే. ఆ వేడి, ఒంటికి వస్తున్నట్టనిపించడం చాలామందికి ఉండేవే. నిమిషంలో పోతాయి, ప్రమాదం ఏమీ లేదు. అదే చెప్పాను. నాయిన కాసేపు ఊరుకుని అడిగాడు: "గిట్లయితదని నీకు ముందుగాల ఎర్కనా?"

ఎరుకే. రాత్రి చదివినదాంట్లో మొదట్లోనే ఉంది.

సమీరా కోహ్లీ కేసు గురించి తర్వాత చదివాను. మత్తులో ఉన్న ఆమె గర్భసంచి తీసేయడానికి బయట కూర్చున్న తల్లి దగ్గర అనుమతి తీసుకున్నారు. అది చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. పేషెంటు వయసొచ్చిన మనిషైనప్పుడు, అత్యవసరం కానప్పుడు, కన్నతల్లి ఒప్పుకోలు కూడా ఆమె ఒప్పుకోలు కాదు. ఆ లెక్కన నా సంతకానికి విలువేముంది? అదే తీర్పు, ఎక్కడో అరుదుగా జరిగే ముప్పులన్నీ చెప్పి పేషెంటుని బెదరగొట్టక్కర్లేదనీ అంది. అక్కడ కాస్త ఊపిరి పీల్చుకున్నాను. కానీ నేను దాచింది ఆ నలుగురి సంగతి ఒక్కటే కాదు. దాదాపు అందరికీ జరిగేది కూడా దాచాను. అది దాచాననే నాకు తెలీలేదు. ప్రమాదం కానిదాన్ని సమాచారం కింద లెక్కేయలేదు నేను. బల్ల మీద పడుకున్న మనిషికి అదొక్కటే కావలసింది.

నాన్-అయానిక్ మందుల ఆలోచన టోర్‌స్టెన్ ఆల్మేన్ అనే స్వీడన్ రేడియాలజిస్టుది. సముద్రంలో ఈదుతుంటే ఉప్పునీళ్ళకి కళ్ళు మండటం ఆయనకి అనుభవమే. పాత మందు ఎక్కిస్తే పేషెంట్లకి పుట్టే మంటని ఆయన దాంతో పోల్చి చూశాడు. ప్రమాదాల పట్టికలో ఆ మంట చిన్న విషయమే. 0.22ని 0.04కి దించిన మందులు మాత్రం అక్కణ్ణించే వచ్చాయి.

మూడు నెలలకి మళ్ళీ స్కాన్. ఈసారి ఫారం నాయిన చేతికే ఇచ్చాను. తిరిగి నాకిచ్చి "సదువు" అన్నాడు. ఒక్కో లైనూ తెలుగులో చెప్పాను. చావు అన్న మాట దగ్గర నా గొంతు కాస్త తగ్గింది.

"జోర్‌గ సదువు."

చదివాను. పదివేలకి నలుగురి సంగతి కూడా చెప్పాను.

"మన ఊర్ల ఎందరుంటరు?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా పెన్ను తీసుకున్నాడు. ఇంటిపేరుతో సహా మొత్తం పేరు తెలుగులో, గుండ్రంగా, నింపాదిగా రాస్తుంటే మా వెనక క్యూలో ఎవరో విసుక్కున్నారు.