మస్కట్ ప్రయాణం పెట్టుకున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,


అల్లుడుగారు, పిల్లలతో కలిసి మే నెలలో ఒమన్ వెళ్లాలనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఒక పక్క ఇసుక, ఒక పక్క సముద్రం, మధ్యలో హజర్ కొండలు. చూడాల్సిన దేశమే. కానీ మే నెలలో వద్దమ్మా. అక్కడ ఎండ ఒక్కోసారి 45 డిగ్రీలు దాటుతుంది, పిల్లలతో పగలంతా హోటల్ గదిలోనే ఉండాల్సి వస్తుంది. సంక్రాంతి సెలవులకు మార్చుకో. వానాకాలంలోనే సెలవు దొరికేట్టయితే దక్షిణాన సలాలా వెళ్లండి. నైరుతి రుతుపవనాల అంచు తగిలి జూలై, ఆగస్టుల్లో అక్కడి కొండలు పచ్చబడతాయి. రోడ్డు పక్కన కొబ్బరి బొండాలు, అరటిపళ్లు అమ్ముతుంటారు. మన కోనసీమ పిల్లలకి ఊరు మారినట్టే ఉండదు.

నిజ్వాలో కోట చూశాక ఫలజ్ దారిస్ దగ్గర కాసేపు ఆగు. భూమి లోపలి ఊటనీటిని పంపులేవీ లేకుండా వాలు మీదే పారించి ఖర్జూరపు తోటలకు పంచే కాలవ అది. ఇలాంటివి అయిదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఎవరి వంతు ఎంతసేపో పగలు నీడను బట్టి, రాత్రి నక్షత్రాలను బట్టి లెక్క కట్టేవారు. ముందు తాగడానికి, ఆ తర్వాతే పొలాలకి. శివారు భూములకు నీళ్లందక రైతులు పడే తగవులు వింటూ పెరిగినదానివి, ఆ లెక్క విలువ నీకు ఒకరు చెప్పక్కర్లేదు. మస్కట్‌లో కుళాయి తిప్పితే వచ్చేది చాలావరకు ఉప్పు తీసిన సముద్రపు నీరే. పిల్లల్ని షవర్ కింద ఆడుకోనివ్వకు.

సుల్తాన్ ఖాబూస్ మసీదుకి శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో, అదీ పొద్దున పూటే మనల్ని రానిస్తారు. తల మీద చున్నీ, మణికట్టు దాకా చేతుల జాకెట్టు తప్పనిసరి. విసుక్కోకుండా పాటించు. చాలామంది షాండ్లియర్ ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు. నువ్వు కింద పరిచిన తివాచీ చూడు. 21 టన్నుల ఆ తివాచీని 600 మంది ఇరాన్ ఆడవాళ్లు నాలుగేళ్లు నేశారు. రాస్ అల్ జింజ్‌లో తాబేళ్లు గుడ్లు పెట్టే చోట ఫోను లైటు వేయనివ్వకు. వెలుగుకి బెదిరి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతాయి.

అసలు ఈ ఉత్తరం రాసింది మన మనుషుల గురించి. ఆ రోడ్లు వేసినవాళ్లలో, ఆ ఇళ్లలో అంట్లు తోమి పిల్లల్ని ఎత్తుకుంటున్నవాళ్లలో మన గోదావరి జిల్లాల వాళ్లు, కడప వాళ్లు, కరీంనగర్ వాళ్లు ఉన్నారు. అక్కడి సంపాదనతో ఇల్లు కట్టుకుని ఆడపిల్లల పెళ్లిళ్లు చేసినవాళ్లున్నారు. పాస్‌పోర్టు కఫీల్ (వీసాకి పూచీ ఉండే యజమాని) దగ్గర ఉండిపోయి, అతను ఒప్పుకోక, కన్నతల్లి పోయినా రాలేకపోయినవాళ్లూ ఉన్నారు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదని ఒమన్‌లో నిబంధన ఉంది. అలాంటి నిబంధన ఎందుకు పెట్టాల్సి వచ్చిందో పిల్లలకి చెప్పు. హోటల్లో పక్కలు సర్దే మనిషి తెలుగావిడ అయితే ఏ ఊరమ్మా అని అడుగు. పిల్లల్ని ఆవిడని ఏకవచనంతో పిలవనివ్వకు, అనుమతి లేకుండా ఫొటో తీయనివ్వకు.

మన వీధి చివర అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న ఆ ఇద్దరు పిల్లల తల్లి మస్కట్‌లోనే ఉంది. ఆవిడని కలిసిరా. కానీ చెప్పకుండా ఆవిడ యజమాని గుమ్మంలో నిలబడితే ఆవిడకే మాట వస్తుంది. ఏ రోజు, ఏ వేళ వీలవుతుందో ముందే ఫోనులో కనుక్కో. టికెట్లు కొనకముందే ఆ ముసలావిడ దగ్గరికి వెళ్లి నంబరు తీసుకో. కూతురికి ఆవకాయ ఆవిడే పెట్టి ఇస్తుంది, నీ పెట్టెలో చోటు ఉంచమ్మా.

ఇట్లు,
మీ పెదనాన్న