గృహమే ప్రథమ మందిరము

చిలకలగూడలో రైల్వేయుద్యోగి యొకఁడు రాత్రిపని ముగించి తెల్లవాఱి యిల్లు చేరును. ఆ యడుగుల చప్పుడు విని బిడ్డ గుమ్మమునకుఁ బరుగెత్తునా, తలుపుమూలను దాఁగునా? ఆ యింట ధర్మమున్నదో లేదో తెలుపుట కిదియే సాక్ష్యము.

భయముచే నణఁగిన బిడ్డ వినయము నేర్వఁడు, బొంకు నేర్చును. తప్పొప్పుకొన్నను బ్రేమ తొలఁగదని యెఱిఁగిన బిడ్డయే కష్టమునఁ గ్రుంగక నిలుచును. కావునఁ బలక పగిలెనని కొట్టిన తండ్రి, తప్పు బిడ్డది కాదని తెలిసినపుడు, సిగ్గుపడక “నాయనా! నేను పొరపడితిని” అని చెప్పవలెను. దానివలనఁ బితృగౌరవము తగ్గదు, పెరుగును.

మన సికింద్రాబాదు మహబూబు కళాశాలకుఁ బ్రధానాచార్యులై యుండిన రఘుపతి వేంకటరత్నము నాయుఁడుగారు (1862–1939) పిమ్మటఁ గాకినాడలో ననాథబాలురకుఁ దండ్రియై నిలిచిరి. పరుల బిడ్డలయెడ వా రట్లుండఁగా, కన్నబిడ్డలయెడ మనకేల లోభము? పరమేశ్వరునిఁ దండ్రీ యని పిలుచు మనము ఆ పేరునకుఁ దగుదుము గాక!