సలహా ఇచ్చినవాడి వాటా

సలహా ఇచ్చినవాడికి దాని ఫలితంలో వాటా ఉంటుందా? మేలు జరిగితే ఉందనే అంటాం, ప్రొఫైల్‌లో రాసుకుంటాం కూడా. కీడు జరిగితే మాత్రం "నిర్ణయం క్లయింట్‌ది కదా" అనేస్తాం. పెద్ద కంపెనీల పైవాళ్ళకి డేటా, ఏఐ విషయాల్లో దారి చెప్పడమే నా ఉద్యోగం కాబట్టి ఈ ప్రశ్నని పక్కన పెట్టడం నాకు కుదరదు.

లోన్ ఎవరికివ్వాలి, క్లెయిమ్ ఎవరిది ఆపాలి లాంటి విషయాల్లో కంపెనీలు చేసే తప్పులు సాధారణంగా బయటికి రావు. తెలంగాణ ప్రభుత్వం వాడిన 'సమగ్ర వేదిక' తప్పులు మాత్రం కొంతైనా లెక్క తేలాయి. వేర్వేరు శాఖల రికార్డుల్లో పేర్లూ చిరునామాలూ పోల్చి "ఈ ఇద్దరూ ఒకరే" అని అంచనా వేసే సాఫ్ట్‌వేర్ అది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయనకి ఇంకెవరిదో కారు అంటగట్టి, ఆ ఇంటికి రేషన్ లేకుండా చేసిన సంగతి 2024 జనవరిలో అల్ జజీరా రాసింది. అంతకుముందే, 2022 ఏప్రిల్‌లో, రద్దయిన కార్డుల్ని ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ తనిఖీ చేయమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ జులై నాటికి చూసిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 అర్హమైనవేనని తేలింది. అంటే ఏడున్నర శాతం.

మా మీటింగుల్లో ఈ అంకెకి ఎవరూ ఉలిక్కిపడరు. పేర్లు ఎంత దగ్గరగా ఉంటే ఒకరే అనుకోవాలి? గీత వదులుగా గీస్తే అర్హుల కార్డులు ఎక్కువ పోతాయి, బిగిస్తే కొందరు అనర్హులకీ బియ్యం అందుతాయి. ఏది నయమో గణితం చెప్పదు. అది న్యాయానికి సంబంధించిన నిర్ణయం. మా స్లైడ్‌లో దాని పేరు 'థ్రెషోల్డ్'. నేనొక అంకె సూచిస్తాను, పైవాళ్ళు తలూపుతారు. నా వాటా అక్కడే మొదలవుతుంది.

మాది అల్లాదుర్గ్, మెదక్ జిల్లాలో ఒక మండల కేంద్రం. చుట్టుపక్కల ఊళ్ళో ఎవరి కార్డైనా ఇలా పోయిందనుకుందాం. తహసీల్దార్ ఆఫీసుకి రావాలంటే ఆ రోజు కూలి పోతుంది. వచ్చి ఏం చూపించాలి? ఉన్న కారుకి కాగితం ఉంటుంది. లేని కారుకి ఏ కాగితం తేవాలి? ఆరోపణ మెషీన్‌ది, రుజువు చేసుకునే బరువు మాత్రం బీదవాడిది.

"పాత పద్ధతేమన్నా గొప్పదా?" అని అడగొచ్చు. కాదు. 2020లో వీఆర్వో వ్యవస్థని రద్దు చేసినప్పుడు బాధపడినవాళ్ళని నేను పెద్దగా చూడలేదు. లంచాలూ, మొహమాటాలూ అందరికీ తెలిసినవే. కానీ వీఆర్వోతో ఎదురుగా నిలబడి పోట్లాడొచ్చు, "మా వాకిట్లో కారేదో వచ్చి చూపించు" అనొచ్చు. "సిస్టమ్‌లో అలాగే ఉంది" అన్న మాటకి మాత్రం పోట్లాడ్డానికి మనిషి లేడు.

అందుకే మోడల్ ఎంత కచ్చితం అనేకంటే ముందు సలహాదారు అడగాల్సినవి కొన్నున్నాయి. తప్పు జరిగితే ఎవరు రుజువు చేయాలి? ఎన్నాళ్ళలో? తేలేదాకా బియ్యం ఆగుతాయా? ఆపకూడదు, ముందు ఒక మనిషి ఇంటికెళ్ళి చూడాలి అంటే ఖర్చవుతుంది. ఆ ఖర్చుని ఎస్టిమేట్‌లో మొదటి రోజే రాయాలి. క్లయింట్ కొట్టేస్తే ఆ పని ఒప్పుకోకూడదు. "నువ్వు కాకపోతే ఇంకొకడు చేస్తాడు" అంటారు. నిజమే, చేస్తాడు. అప్పుడు ఆ వాటా అతనిది.