మెప్పుమాట కూడా సాక్ష్యమే



మనకు మేలు చేయబోయి నొప్పి కలిగించిన మనిషి "ఎలా ఉంది?" అని అడిగితే ఏమని చెప్పవలెను? చెడ్డవానికి జవాబు చెప్పుట సులభమే. అడిగేవాడు మంచివాడు, మనవాడు, బీదవాడు అయినప్పుడే నోరు రాదు. ఇది చిన్న ప్రశ్నగా కనబడును. కాని దీనిలో మరొకరి ప్రాణానికి సంబంధించిన సంగతి దాగి ఉండవచ్చునని అరవై దాటిన తరువాత గాని మేము నేర్చుకోలేదు. మా తప్పును దాచకుండా మీ ముందు పెట్టుచున్నాము.

మేము కోలారు బంగారు గనుల ఊరిలో కాపురమున్నవారము. మా తాతలు చిత్తూరు వైపు నుండి గనిపనికి వచ్చినవారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత మా వీధుల పిల్లలు ఎందరో తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోయి, పని చూసుకొని, రాత్రికి ఇల్లు చేరే బ్రతుకులో పడ్డారు. వారిలో ఒక అబ్బాయి అక్కడ మర్దన పని, కప్పింగ్ అనే చికిత్స నేర్చుకొన్నాడు. రోజూ రైలు ప్రయాణం చేయలేక, తన ఇంటి ముందుగదిలోనే ఒక బల్ల వేసుకొని పని మొదలుపెట్టాడు. తండ్రి లేడు. తల్లి, ఇద్దరు చెల్లెళ్ళు అతని సంపాదన మీదనే ఉన్నారు. పిల్లవాడు నెమ్మదస్తుడు, అబద్ధమాడడు, బీదవారి దగ్గర డబ్బు అడగడు.

కప్పింగ్ అంటే తెలియని వారికొక మాట. గాజు కప్పులో క్షణం సేపు మంట చూపి, లేక చిన్న పంపుతో గాలి లాగి, దానిని చర్మానికి అంటిస్తారు. లోపల గాలి తగ్గినందున చర్మం కప్పులోనికి ఉబ్బుతుంది. 2016లో రియో ఒలింపిక్ పోటీలలో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద గుండ్రని ఎఱ్ఱ మచ్చలు లోకమంతా చూచినది. అవి ఈ కప్పుల గుర్తులే. "చెడు రక్తం పైకి వచ్చింది" అని కొందరు చెప్పుదురు గాని, నిజానికి చర్మం క్రింద ఉన్న సన్నని రక్తనాళాలు చిట్లి, రక్తం ఊరుటవలన ఆ మచ్చలు కలుగును. ఆరోగ్యవంతులకు కొద్ది రోజులలో, లేక రెండు వారాలలోపుగా అవి మాసిపోవును.

మా ఎడమ భుజం ఏడాదిగా బిగుసుకొని పోయినది. మాకు షుగరు ఉన్నది. షుగరు ఉన్నవారికి ఈ బాధ ఎక్కువగా వచ్చునని డాక్టరుగారు చెప్పారు. "ఇది తగ్గడానికి ఒకటి నుండి మూడేళ్ళు పట్టవచ్చును, ఓపికగా వ్యాయామం చేయండి" అన్నారు. ఓపిక మాకు లేకపోయినది. చొక్కా తొడుక్కొనుటకు కూడా మా ఇల్లాలు సాయం రావలసి వచ్చుట మాకు సిగ్గుగా ఉండేది. కనుక ఒక సాయంత్రం ఆ అబ్బాయి దగ్గరకు వెళ్ళాము.

అతడు భుజం మీద, వీపు మీద కప్పులు పెట్టాడు. అవి తీసిన తరువాత బొటనవ్రేళ్ళతో గట్టిగా నొక్కి మర్దన చేశాడు. కొంతసేపటికే నొప్పి భరింపరానిదైనది. మేము మూలిగితే "కొంచెం ఓర్చుకోండి సార్, నొప్పి వస్తేనే పట్టు వదిలేది" అన్నాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పిన మేము, మా దగ్గర చదువుకొన్న పిల్లవాని ముందు "ఆపు నాయనా" అనలేకపోయాము. పళ్ళు బిగబట్టి పడుకొన్నాము. అంతా అయిన తరువాత అతడు ఆశగా మా ముఖం చూచి, "ఎట్లుంది సార్?" అన్నాడు.

"బాగుంది నాయనా" అన్నాము.

అంతటితో అయిపోతే ఎట్లుండెడిదో. గుమ్మం దగ్గర ఒక నోటుపుస్తకం ఉన్నది. వచ్చినవారు తమ అభిప్రాయం వ్రాసి పోతారు. అతడు కలం చేతికిచ్చాడు. "చక్కని సేవ. హాయిగా ఉన్నది" అని వ్రాసి, క్రింద సంతకం చేసి, "విశ్రాంత ఉపాధ్యాయుడు, సంఘ పెద్ద" అని కూడా చేర్చాము.

ఆ రాత్రి భుజం నల్లగా కమిలి ఉబ్బినది. ఒకచోట నీటిపొక్కు లేచినది. నాలుగు రోజులు చెయ్యి పైకెత్తలేకపోయాము. డాక్టరుగారు చూచి మొదట అడిగినది ఇదే: "గుండెకు స్టెంటు వేసినప్పటి నుండి రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వేసుకొంటున్నారు కదా, ఆ సంగతి అతనికి చెప్పారా?" మేము చెప్పలేదు. అతడు అడగలేదు. అట్టి మాత్రలు వేసుకొనేవారికి చర్మం క్రింద రక్తం సులభంగా ఊరును. కనుక కప్పులైనా, గట్టి మర్దనైనా డాక్టరును అడగకుండా చేయించుకొనరాదని ఆయన చెప్పారు.

అయినను మేము అబ్బాయితో ఏమీ అనలేదు. "పాపం, కష్టపడి బ్రతుకుతున్నాడు, ఎందుకు మనస్సు నొప్పించుట?" అని ఇల్లాలితో అన్నాము. దానినే ప్రేమ అనుకొన్నాము.

వారం తరువాత ఆదివారం ఆరాధన ముగిసి బయటికి వచ్చుచుండగా మా సంఘంలోని ఒక వృద్ధురాలు ఎదురై, "ఏం సార్, మీకు హాయిగా ఉందంట గదా! మీరు రాసిండేది నా మనవరాలు చదివి చెప్పె. నేను కూడా శనివారం పోతా ఉండాను" అన్నది. ఆమెకు గుండె కవాటం మార్చిన ఆపరేషను జరిగినది. మేము వేసుకొనే మాత్రలకంటే గట్టి మాత్రలు వేసుకొని, నెలనెలా రక్తపరీక్ష చేయించుకొను మనిషి ఆమె. మా కాళ్ళు అక్కడే నిలిచిపోయినవి. ఆమెను పక్కకు పిలిచి, "పోవద్దమ్మా, ముందు మీ డాక్టరును అడగండి" అని చెప్పి, మా భుజం చూపించాము. ఆమె మచ్చలు చూచి, మా ముఖం చూచి, "మరి అట్ల ఎందుకు రాస్తిరి సార్?" అన్నది.

దానికి మా దగ్గర జవాబు లేదు.

ప్రియులారా, పొరుగువారి మీద అబద్ధసాక్ష్యం పలుకరాదని మనకు చిన్ననాటి నుండి నేర్పిన ఆజ్ఞ ఒకటున్నది. దానిని మనము ఒకవైపే అర్థము చేసికొన్నాము. ఒకని మీద లేని నింద వేయుట అబద్ధసాక్ష్యమని మనకు తెలియును. ఒకనికి లేని మెప్పు ఇచ్చుట కూడా అట్టిదేనని మనకు తోచదు. దానివలన ఎవరికి నష్టమని అనుకొందుము. కాని ఒక పొరుగువానికి అనుకూలంగా పలికిన అబద్ధము, దానిని నమ్మి వచ్చు మరొక పొరుగువానికి ప్రతికూలమగును. మేము ఆ అబ్బాయికి మేలు చేయుచున్నామనుకొని ఆ వృద్ధురాలికి గుంట త్రవ్వాము. మా హోదాను సంతకం క్రింద చేర్చుట ఆ గుంటను ఇంకా లోతు చేసినది.

నిజము చెప్పవలెనంటే అబ్బాయికి కూడా మేలు జరుగలేదు. మేము పాఠశాలలో ఉండగా కొందరు ఉపాధ్యాయులు నోటుపుస్తకం తెరవకుండానే "బాగుంది" అని సంతకం పెట్టేవారు. పిల్లవాడు సంతోషించేవాడు, అదే తప్పు ఏడాదంతా వ్రాసేవాడు. ఎఱ్ఱసిరా పెట్టిన ఉపాధ్యాయుడే వానిని గౌరవించినవాడు.

వైద్య చరిత్రలో దీనికి పెద్ద దృష్టాంతమున్నది. జబ్బుచేసినవాని నరం కోసి రక్తం తీయుట ఐరోపా వైద్యులు శతాబ్దాల తరబడి చేసిన చికిత్స. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1799 డిసెంబరులో గొంతు వాపుతో పడగా, ఒక్కరోజులోనే పలుమార్లు రక్తం తీశారు. ఆయన ఆ రాత్రే మరణించారు. ఆ వైద్యులు దుర్మార్గులు కారు, ఆయనను ప్రేమించినవారే. బ్రతికినవారు చికిత్స వలన బ్రతికారని, చనిపోయినవారు జబ్బు వలన చనిపోయారని అనుకొనుట అందరికి అలవాటైపోయినది. తరువాత పారిస్‌లో పియెర్ లూయీ అనే వైద్యుడు నిమోనియా వచ్చిన 77 మంది రోగుల వివరాలు వ్రాసి, లెక్కవేసి, రక్తం తీయుటవలన అనుకొన్నంత మేలు లేదని చూపాడు. 1835లో అది పుస్తకంగా వచ్చినది. రోగికి జరిగినది జరిగినట్లు వ్రాసినవాడు ఒకడు దొరికినందువలన ఆ సంగతి తెలిసినది.

అయితే నిజము చెప్పుటలో కూడా తప్పు చేయవచ్చును. మేము అబ్బాయి ఇంటికి నడిచి వెళ్ళేటప్పుడు దారిలో కోపం పుట్టినది. మా తప్పు మీది సిగ్గంతా అతని మీది కోపమై లేచినది. అందుచేత రెండు వీధులు ఎక్కువ తిరిగి, ఏది మాకు తెలిసిన సంగతి, ఏది మా ఊహ అని విడదీసికొన్నాము. నొప్పి మాది, దానికి సాక్షులము మేమే. ఎప్పుడు మొదలైనది, ఎన్ని రోజులున్నది, ఏ పనికి అడ్డమైనది, ఇవన్నీ చెప్పుటకు మాకు హక్కున్నది. "నీకు పని రాదు", "ఈ చికిత్సే మోసం" అనుటకు ఒక్క సాయంత్రపు అనుభవం చాలదు. అట్లే రేపు భుజం నయమైతే "ఇతనివల్లనే" అనుటకు కూడా చాలదు. ఈ బాధ తనంతట తానే తగ్గునని డాక్టరుగారు ముందే చెప్పియున్నారు కదా.

అతనితో మొదట మా తప్పు చెప్పాము: మాత్రల సంగతి చెప్పకపోవుట, నొప్పి భరించలేనప్పుడు ఆపమనకపోవుట, "బాగుంది" అని అబద్ధం వ్రాయుట. తరువాత జరిగినది వరుసగా చెప్పి, భుజం చూపించాము. అతని ముఖం చిన్నబోయినది. కొంతసేపు మాటలాడలేదు. తరువాత, "ఆ పొద్దే చెప్పింటే ఆపేవాణ్ణి గదా సార్. మీరు బాగుందంటిరి. మీ మాట నమ్మి నేను ఇంకో నలుగురికి అంతే గట్టిగా చేస్తి" అన్నాడు.

సహోదరులారా, ఈ మాట మమ్మును భుజం నొప్పికంటె ఎక్కువ నొప్పించినది. అతని చేతికి కళ్ళు లేవు. బల్ల మీద పడుకొన్నవాని నోరే దానికి కన్ను. ఆ కన్నును మేమే మూసి, చెయ్యి తప్పుచోట పడినదని అనుచున్నాము.

అతడు తన పొరపాటు కూడా ఒప్పుకొన్నాడు. ఏ మందులు వాడుచున్నారని ఎవరినీ అడుగుట లేదన్నాడు. ఇకమీదట అడుగుదునన్నాడు, అడుగుచున్నాడని తరువాత విన్నాము. కాని కథ సుఖంగా ముగిసినదని చెప్పలేము. కొన్ని వారాలు అతడు మమ్మును చూచి పక్కకు తిరిగి పోయేవాడు. అతని తల్లి మా ఇల్లాలితో మాట తగ్గించినది. నిజమునకు వెల ఉన్నది. దానిని మొదటి రోజే చెల్లించియుంటే తక్కువతో పోయేది.

ఈ అనుభవము నుండి మాకు తోచినవి చెప్పుచున్నాము. చికిత్సకు ముందే మన జబ్బులు, మందులు చెప్పవలెను. నొప్పి ఎక్కువైతే అక్కడే "ఆపండి" అనవలెను; ఓర్చుకొనుట అన్నిచోట్ల సుగుణము కాదు. గట్టి మర్దన తరువాత ఒకటి రెండు రోజులు ఒళ్ళు నొప్పులుండవచ్చును. అంతకు మించి ఉన్నా, తిమ్మిరి గాని, బలహీనత గాని, వాపు పెరుగుట గాని ఉన్నా, ముందు డాక్టరు దగ్గరకు పోవలెను. చెప్పవలసినది వీధిలో కాక, చేసిన మనిషికే మొదట చెప్పవలెను. కాని మరొకరికి అపాయమున్నయెడల ఆ మర్యాద కొరకు ఆగరాదు. వినని మనిషి, లెక్కచేయని మనిషి అయితే చట్టమున్నది. డబ్బు తీసికొని చేసే వైద్యసేవ వినియోగదారుల చట్టము క్రిందికి వచ్చునని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఇప్పుడు 2019 నాటి చట్టము అమలులో ఉన్నది. బుద్ధిపూర్వకంగా సరిదిద్దుకొను మనిషి విషయంలో అంతదూరం పోనక్కరలేదు.

ఆ నోటుపుస్తకం ఇంకను గుమ్మం దగ్గరే ఉన్నది. పేజీ చించివేయుదునా అని అడిగితే అతడే వద్దన్నాడు. మా మొదటి వాక్యము క్రింద తేదీ వేసి ఇట్లు వ్రాశాము: "పై మాట నిజము కాదు. ఆ రోజు చాలా నొప్పి కలిగినది, తరువాత నాలుగు రోజులు చెయ్యి లేవలేదు. మా మందుల సంగతి మేము చెప్పలేదు. మీరు తప్పక చెప్పండి." మళ్ళీ సంతకం చేశాము. ఈసారి సంఘ పెద్ద అని చేర్చుటకు చెయ్యి వణికినది. అయినను చేర్చాము, మొదటి అబద్ధానికి ఆ పేరునే వాడుకొన్నాము గనుక.

మా చెయ్యి ఇప్పుడు తల దువ్వుకొనేంత వరకు లేచుచున్నది. వ్యాయామమా, కాలమా, మరేమిటో మేము చెప్పలేము. నిన్న ఆ అబ్బాయి దారిలో కనబడి, చాలా రోజుల తరువాత నిలిచి, "ఎట్లుంది సార్ భుజం?" అని అడిగాడు. కొంచెం ఆలోచించి, "ముందుకు పరవాలేదు నాయనా, వెనుకకు ఇంకా పోవుట లేదు" అన్నాము. అతడు తల ఊపి, "అట్ల చెప్పండి సార్" అన్నాడు.