శిశువు ఆట – పెద్దల ధర్మము

మూడేండ్ల శిశువు కాలము ఎవరి సొత్తు? తల్లిదండ్రులదా, బడిదా, లేక ఆ శిశువుదేనా? వినుటకిది చిన్న ప్రశ్న. కాని కొంతం చౌక్ ప్రాంతమున కాపురముండు మన నేతపనివారి కుటుంబములకు ఇది తీరికవేళ చర్చించు విషయము కాదు. కొన్ని తరములుగా ఇంటింట ఎదురైన ధర్మసందేహము.

మన పెద్దలు తెలంగాణ పల్లెలను విడిచి, చేతి నేర్పు నొక్కదానిని నమ్ముకొని షోలాపురము చేరిరి. 1877లో ఇచట తొలి బట్టల మిల్లు నడవనారంభించిన పిదప ఈ రాక మరింత పెరిగెను. ఇల్లే కార్ఖానా, కార్ఖానాయే ఇల్లుగా బ్రతుకు సాగెను. తండ్రి మగ్గమువద్ద, తల్లి రాట్నమువద్ద. తరువాతి కాలమున తల్లి ఒడిలోనికి బీడీల చాటయు వచ్చెను. ఆ నడుమనే పిల్లలు ప్రాకిరి, నడిచిరి, ఆడుకొనిరి. వారికి బొమ్మలు కొనిపెట్టినవారు లేరు. ఖాళీ కండె బండి యయ్యెను; అరిగిన నాడె పడవ యయ్యెను; కత్తిరించి పారవేసిన తునికాకు ముక్కలు గుజ్జనగూళ్ళకు విస్తళ్ళయ్యెను. ఆ బీదతనమును అందముగా చిత్రించుట మా ఉద్దేశము కాదు. ఆ విస్తళ్ళతోపాటు పొగాకు దుమ్మును పసివారి ఊపిరిలో చేరినది.

ఆ ఇండ్లలో తరచు జరిగిన ఒక చిన్న సంగతిని తలచుకొందము. నాలుగేండ్ల పిల్ల తల్లిని చూచి తానును కండె చుట్టబోవును. నూలు చిక్కుపడును, పిల్ల నవ్వును, విసుగు కలుగగానే లేచి దాగుడుమూతలకు పరుగెత్తును. ఇది ఆట. కొన్నాళ్ళకు పని ఒత్తిడి హెచ్చి, తల్లి "ఇంకొక పది చుట్టి లేవవే అమ్మా" అనును. అదే చేయి, అదే నూలు, అదే కండె. మారినదేమి? మానివేసి లేచిపోవు స్వేచ్ఛ యొక్కటే మారినది. ఆటకును పనికిని గల భేదము వస్తువులో లేదు, ఆ స్వేచ్ఛలో ఉన్నదని మా అభిప్రాయము.

లోకమున శిశువిద్యను గూర్చి యోచించిన మహనీయులును ఈ మర్మమునే గుర్తించిరి. జర్మనీ దేశస్థుడగు ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లలకొక శాలను నెలకొల్పి, 1840లో దానికి "పిల్లల తోట" అను అర్థము గల కిండర్‌గార్టెన్ అను పేరు పెట్టెను. ఆయన పసివారి చేతికిచ్చిన మొదటి కానుక రంగురంగుల నూలు బంతులు. తరువాతి చేతిపనులలో కాగితపు పట్టీలను పడుగుపేకలుగా అల్లుట యొకటి. నేతవారి ఇంటి పిల్లలకు ఇవి రెండును కొత్తవి కావు గదా!

1907లో మరియా మాంటిస్సోరి తన తొలి శిశుగృహమును తెరచినది రోము నగరపు శ్రీమంతుల వీథిలో కాదు. సాన్ లొరెంజో అను కార్మికవాడలో. తల్లిదండ్రులు పనికిపోగా ఇంట మిగిలిన పిల్లలే ఆమెకు తొలి శిష్యులు. ఏ వస్తువును తీసికొనవలెనో, ఎంతసేపు దానితో గడుపవలెనో పిల్లలే నిర్ణయించుకొనునట్లు ఆమె ఏర్పరచెను. 1939లో ఆమె మదరాసునకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు ఈ పద్ధతిని బోధించెను. అంతకు పూర్వమే, 1920లో, గిజుభాయి బధేకా భావనగరమున బాలమందిరమును స్థాపించిరి. వారితో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ ఈ మహారాష్ట్రముననే, 1945లో బోర్డీ గ్రామమునను, 1957 నుండి కోస్బాడ్‌లోను, అనూతాయి వాఘ్ తోడ్పాటుతో బీద పిల్లలకై కృషి చేసిరి. పిల్లలు బడికి రాలేనిచో బడియే వారి ముంగిటికి పోవలెనన్నది వారి మార్గము. 1975 అక్టోబరు 2న కేంద్రప్రభుత్వము ఆరంభించిన శిశు అభివృద్ధి పథకము వలన అంగన్‌వాడీ అను మాట దేశమంతట వ్యాపించెను.

ఐనను మన ఇండ్లలో ఒక ఆక్షేపణ వినబడుచున్నది: "మేము చదువులేక చెడితిమి. మా బిడ్డయైనను మూడవయేటనే అక్షరములు దిద్దవలదా?" ఈ మాటను మేము తేలికగా త్రోసివేయజాలము. కూలి పుస్తకములో వ్రేలిముద్ర వేసిన చేతి బాధ దాని వెనుక ఉన్నది. కాని అక్షరము దిద్దుటకు ముందు వ్రేళ్ళకు పట్టు రావలెను. మట్టి పిసుకుట, పూసలు గ్రుచ్చుట ఆ పట్టు నిచ్చును. పదునాలుగు గుంటలలో చింతగింజలు పంచుచు వామనగుంటలాడు పిల్ల, లెక్కల పేరు వినకయే లెక్క నేర్చుకొనును. ఓడినప్పుడు ఏడువక మరల కూర్చుండుట ఏ పలకమీదను వ్రాసి నేర్పజాలని పాఠము. కావున ఆట చదువునకు శత్రువు కాదు. శిశువు చేతినుండి కండెను తీసివేసి, దాని స్థానమున పలకను బలవంతముగ పెట్టినచో, మనము మార్చినది వస్తువునే గాని నిర్బంధమును కాదు.

భాషాప్రశ్నయు ఇందులో కలదు. మన పిల్ల బొమ్మకు అన్నము పెట్టునది తెలుగులో; వీథిలో నేస్తముతో తగవులాడునది మరాఠీలో. రెండును దాని సొమ్మే. కాని బొమ్మతో ఏ భాషలో మాటాడునో ఆ భాషలోనే దాని తలపులు తొలుత రూపు దిద్దుకొనును. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడు మొదలు ఎనిమిదేండ్లవరకు ఆటద్వారా, సాధ్యమైనంతవరకు ఇంటి భాషలో, బోధన జరుగవలెనని చెప్పినది. శిశుశాలలో తెలుగు తెలిసిన యొక అవ్వ యున్నను చాలును. మరాఠీ బడి ఆ పిల్లకు పరాయిది కాకుండును.

1986 నాటి బాలకార్మిక చట్టము కార్ఖానాలలో పిల్లల పనిని నిషేధించుచు, కుటుంబమువారే నడుపుకొను పనితావులను మాత్రము మినహాయించెను. 2016లో నిషేధము విస్తరించినను, ప్రమాదము లేని ఇంటి వృత్తిలో బడివేళల అనంతరము సాయపడుటకు అనుమతి మిగిలినది. అనగా చట్టము మన గడపవద్ద ఆగినది. గడప లోపల న్యాయము చేయవలసినవారము మనమే.

అందుకు గొప్ప ధనము అక్కరలేదు. మన సంఘముల మందిరములు పెండ్లిండ్లు లేని దినములలో తాళము వేసియుండును. అందొక గదిలో ఇసుక, మట్టి, నూలు బంతులు, కొన్ని చింతగింజలు ఉంచి, ఇద్దరు ముగ్గురు పెద్దలను కూర్చుండబెట్టవచ్చును. అక్కడ పిల్లలు ఏమి నేర్చిరని సాయంకాలము పరీక్షింపరాదు. పరీక్షించినచో ఆ ఆటయు పది కండెల లెక్కలోనే చేరును.

మన పెద్దలు దినమునకెన్ని గజములు నేసిరో లెక్క వ్రాసిన పుస్తకములుండెను. వారు బాల్యమున ఎన్ని గడియలు ఆడుకొనిరో వ్రాసినవారు లేరు. ఆ బాకీని వారికి తీర్చజాలము; వారి మనుమలకు తీర్చవచ్చును.